మిల్లు కళ్ళంలో యుద్ధ విమానం

ఆ ఉదయం ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. రేపల్లె మీద మంచు ఇంకా విడలేదు. తూర్పున కృష్ణానది వైపు ఒక పసుపు మరక మాత్రం కనబడుతోంది, సూర్యుడు వచ్చినట్టో రానట్టో తెలియకుండా. గాలి లేదు. కొబ్బరాకు కదలడం లేదు.

పాండురంగారావు వేపపుల్ల నోట్లో పెట్టుకుని దొడ్లో నిలబడి పైకి చూస్తున్నాడు. వైమానిక దళంలో యుద్ధ విమానాలు నడిపి, వింగ్ కమాండరుగా రిటైరై, సొంత ఊరు చేరి కొన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. ముందు ఆకాశం చూడాలి, ఆ తర్వాతే మొహం కడుక్కోవాలి.

"ఏంటి, ఇవాళ ఎగరొచ్చా?" అంది భార్య శేషారత్నం, చెంబుతో నీళ్ళు అందిస్తూ.

"పది దాటితే విడిపోద్ది."

"అయితే శత్రువుల్ని పదిన్నరకి రమ్మని తమ్ముడికి చెబుతా. ఈలోగా ఇడ్లీలు తినండి."

ఆయన నవ్వలేదు. ఇవాళ నవ్వే మనసు లేదు. ఇంటి వెనకే ఉన్న బావమరిది రైసు మిల్లులో, వడ్లు ఆరబోసే కళ్ళం మీద, ఇంకాసేపట్లో యుద్ధం జరగబోతోంది. అందులో ఆయన ప్రాణ స్నేహితుడు చచ్చిపోతాడు. అది చూడ్డానికి ఆ స్నేహితుడి తల్లి బాపట్ల నుంచి బస్సులో వస్తోంది.

పాండురంగారావు ఉద్యోగం గురించి ఊళ్ళో అందరికీ తెలుసు. అందరికీ తెలిసింది ఏమిటంటే, ఆయన ఏదో పెద్ద విమానం నడిపాడని. అరవై ఐదులో యుద్ధం అయ్యాక సెలవు మీద వచ్చినప్పుడు ఫొటో తెచ్చి చూపించాడు. అది నాట్ అనే చిన్న విమానం. అరుగు మీద కూర్చున్న పెద్దలు ఫొటోని అటూ ఇటూ తిప్పి చూసి చాలా నిరుత్సాహపడ్డారు.

"ఇంతేనా? ఇంకో మనిషి కూడా పట్టడా ఇందులో?"

"ఒక్కడికే అండి సీటు."

"కండక్టరు సంగతి సరే, దారి చెప్పేవాడన్నా ఉండద్దూ?"

వాళ్ళమ్మకి ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి అన్నం సయించలేదు. అంత పైకి ఒక్కడివే ఎట్టా పోతావురా, తోడు ఎవరూ ఉండరా అని అడిగింది. ఉంటాడమ్మా, పక్క విమానంలో ఒకడు ఉంటాడు అని చెప్పాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆ పక్క విమానంలో ఉన్నవాడే శేషగిరి. బాపట్ల వాడు. ఎక్కడో పడమటి సరిహద్దులో, అన్నంలోకి గోంగూర దొరకని చోట, ఇద్దరు గుంటూరు జిల్లావాళ్ళు ఒకే స్క్వాడ్రన్‌లో పడ్డారు. ఇక చెప్పేదేముంది. డెబ్బై ఒకటి డిసెంబరులో ఒక పొద్దున రెండు విమానాలు లేచి వెళ్ళాయి, ఒకటి తిరిగొచ్చింది.

తిరిగొచ్చిన ఆ మనిషి ఇప్పుడు టీవీఎస్ బండి మీద రేపల్లె బజారుకి పోతుంటే పక్కన బర్రెలు దాటిపోతాయి. హారన్ కొట్టడు. ఆగి, దారి ఇచ్చి, అవి పోయాక కదులుతాడు. కిళ్ళీకొట్టు దగ్గర కుర్రాళ్ళు "కమాండరు గారండి, కాస్త నెమ్మదిగా పోనివ్వండి, భయమేస్తోంది" అంటారు. ఆయన తలూపి, సరేనని ఇంకాస్త నెమ్మదిగా పోతాడు.

కళ్ళం మీద జరగబోయేది నాటకం. ఆ పురుగు బావమరిది దశరథరామయ్యది. మిల్లు నడిపేది ఒక చేత్తోనే, రెండో చేతిలో ఎప్పుడూ ఏదో ఒక నాటకం కాగితాలు ఉంటాయి. పౌరాణికాలు వేసి వేసి విసిగిపోయి, ఈసారి తెనాలి పోటీలకి బావగారి యుద్ధమే ఆడదామనుకున్నాడు, అదీ పద్యాలతో. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి రోజూ సాయంత్రం వచ్చి కూర్చుని వివరాలు అడిగాడు.

"యుద్ధం ఎంతసేపు జరిగింది బావా?"

"రెండు నిమిషాలు ఉండొచ్చు."

"రెండు నిమిషాలా? అందులో ఒక్క పద్యం పట్టదే. పోనీ, శత్రువుతో ఏమన్నావు?"

"శత్రువుతో ఏమంటాను రా. వాడు వాడి విమానంలో ఉన్నాడు, నేను నా విమానంలో ఉన్నాను."

"రేడియోలో అన్నా ఏదో ఒకటి అని ఉంటావుగా?"

"ఎడమ, ఎడమ అన్నాను."

దశరథరామయ్య రాసుకోవడానికి తీసిన కలం మూత పెట్టేశాడు. కాసేపు మిల్లు పొగగొట్టం వంక చూసి, "సరేలే, దానికి మోహన రాగం పెడతా" అన్నాడు.

"ఆ రాగం తీసేలోపు పెట్రోలు అయిపోద్దిరా."

"నీ పెట్రోలు సంగతి ఎవడికి కావాలి బావా. తెనాలి జనం టిక్కెట్టు కొని వస్తారు. వాళ్ళకి రాగం కావాలి."

తెనాలి డ్రెస్ కంపెనీ వాళ్ళు ఎంత వెతికినా విమానం నడిపేవాడి బట్టలు దొరకలేదు. చివరికి పోలీసు ఇనస్పెక్టరు ఖాకీలు ఇచ్చి, చూడ్డానికి బాగుంటుందని రాజకుమారుల భుజకీర్తులు జత చేశారు. తలకి మోటారు సైకిలు హెల్మెట్. విమానం మాత్రం మిల్లులోనే తయారైంది. రిక్షా చట్రం మీద వెదురు తడికలు కట్టి, పైన వెండి కాగితం అంటించి, ముక్కు దగ్గర టేబుల్ ఫ్యాను బిగించారు. జెట్ విమానానికి ముందు ఫ్యాను ఉండదని పాండురంగారావు చెప్పి చూశాడు. ఫ్యాను తిరక్కపోతే ఎగురుతోందని జనానికి ఎట్టా తెలుస్తుంది బావా అంటూ దశరథరామయ్య ఫ్యాను మీట నొక్కి చూపించాడు.

ఇవన్నీ ఆయన నవ్వుకుంటూనే భరించాడు. తన వేషం బావమరిదే కట్టుకున్నాడంటే, ఆ పొట్టతో ఖాకీ చొక్కా బొత్తాములు పడకపోతే పిన్నీసులు పెట్టుకున్నాడంటే, అదీ భరించాడు. కానీ శేషగిరి వేషం మిల్లు ఇంజను డ్రైవరు వీరాస్వామికి ఇచ్చారని తెలిసిన రోజు మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

వీరాస్వామి చెడ్డవాడు కాదు. గొంతు కంచు. అయితే చావడంలో ఆయనకి చుట్టుపక్కల ఎవరూ సాటిరారు. యుద్ధరంగంలో కూలి, ఒక మోచేతి మీద లేచి, పద్యం అందుకుని, ఆఖరి పాదాన్ని ఎక్కడికో తీసుకుపోయి వదిలి, తల వాల్చేస్తాడు. ఆ వెంటనే జనంలోంచి "వన్స్ మోర్" వినబడుతుంది. అడిగాక లేవకపోతే జనాన్ని అవమానించినట్టు. వీరాస్వామి లేస్తాడు, దుమ్ము దులుపుకుంటాడు, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. నిజాంపట్నంలో ఒకసారి పడవలవాళ్ళు కట్టగట్టుకుని వచ్చి చూశారు. వాళ్ళు చంపిన తీరుకి ఆయన గొంతు పోయి వారం రోజులు సైగలతోనే ఇంజను నడిపాడు.

"శేషగిరికి అసలు పాట రాదురా. మెస్సులో కూనిరాగం తీస్తే కుక్క లేచి బయటికి పోయేది. నా మాట విని ఆ చావు తీసెయ్" అన్నాడు పాండురంగారావు.

"చావు తీసేస్తే మిగిలేది నువ్వూ నేనూ ఫ్యానే బావా."

అసలు భయం పాట గురించి కాదు, మాణిక్యమ్మగారి గురించి. శేషగిరి తల్లి. దశరథరామయ్యకి ఎంత పిచ్చి ఉన్నా మర్యాద తెలుసు. ఆవిడ కొడుకుని స్టేజీ ఎక్కించే ముందు ఆవిడ మాట తీసుకోవాలని పళ్ళూ తమలపాకులూ పట్టుకుని బాపట్ల వెళ్ళాడు. ఆవిడ అంతా విని, "చూసి చెబుతా నాయనా. రాత్రిళ్ళు నాకు చూపు ఆనదు. పగలు వెయ్యండి" అంది. ఆవిడ వద్దంటే తెనాలి ప్రయాణం లేదు. అందుకే ఇవాళ ఈ పగటి నాటకం.

పాండురంగారావు ఏటా ఒకసారి చెరుకుపల్లి మీదుగా బస్సులో బాపట్ల వెళ్ళి ఆవిడ చేతి అన్నం తిని వచ్చేవాడు. పంటలు, వానలు, మోకాళ్ళ నొప్పులు, అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. ఆ డిసెంబరు పొద్దున గురించి మాత్రం ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. టెలిగ్రాం వచ్చింది, ఆ తర్వాత పతకం వచ్చింది, మనిషి మాత్రం బూడిదగా కూడా రాలేదు. అట్లాంటి తల్లి ముందు వీరాస్వామి పడి, హమాలీలు ఈలలు వేసి, చచ్చిన కొడుకుని మళ్ళీ మళ్ళీ లేపి చంపిస్తుంటే ఆవిడ ఏమైపోతుందో అని ఆయనకి నిద్ర పట్టడం లేదు.

చావు తియ్యడానికి దశరథరామయ్య ఒప్పుకోలేదు గానీ, వన్స్ మోర్ ఉండదని మాటిచ్చాడు. హమాలీలందరినీ పిలిచి నోరు మెదపొద్దని చెప్పారు. పాండురంగారావు స్వయంగా ఇంజను గదిలోకి వెళ్ళాడు.

"వీరాస్వామీ, ఎవరు అడిగినా లెగొద్దు. ఒక్కసారి పడ్డావంటే పడ్డట్టే."

వీరాస్వామి చేతులకి అంటిన నూనె గుడ్డతో తుడుచుకున్నాడు. "నా జన్మలో అట్టా చెయ్యలేదండి. మీరడిగారు గనక చస్తా. కానీ కమాండరు గారండి, అడిగినాక పడుకోడం చావడం కంటే కష్టమండి" అన్నాడు.

మంచు పదింటికి విడిపోయింది. మాణిక్యమ్మగారు బస్సు దిగి రిక్షాలో వచ్చింది. తెల్ల చీర, చేతిలో గుడ్డ సంచి. శేషారత్నం ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని దింపింది.

"రండి అత్తయ్యా. మీ ఈ అబ్బాయి పొద్దుట్నుంచీ గుమ్మానికీ దొడ్డికీ తిరుగుతున్నారు. యుద్ధానికి పోయేటప్పుడు కూడా ఇంత భయపడి ఉండరు."

"ఏరా పాండూ, నాటకం నీదే అంటగా. భయం నీకెందుకు?" అంటూ ఆవిడ కళ్ళం వైపు నడిచి, మధ్యలో ఎండలో తళతళలాడుతున్న దాన్ని చూసి ఆగింది. "ఏంటది?"

"విమానం పిన్నిగారూ" అన్నాడు దశరథరామయ్య, భుజకీర్తులు సర్దుకుంటూ.

"ఎగురుద్దా?"

"తెనాలి దాకా లారీలో పోద్దండి."

ఆవిడ ఆ సమాధానానికి తృప్తిపడి కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీలో పాండురంగారావు. వెనక నేల మీద హమాలీలు, వడ్లు చెరిగే ఆడవాళ్ళు. ఒక మూల హార్మోనియం ముందు లాజరు.

నాటకం మొదలైంది. దశరథరామయ్య విమానం ఎక్కి, ఫ్యాను తిప్పించి, దేశమాత మీద ఒక పద్యం పాడాడు. చివర పిన్నీసు ఒకటి ఊడింది.

మాణిక్యమ్మగారు పాండురంగారావు వైపు వంగింది. "నువ్వు అప్పుడు ఇంత లావుండేవాడివా?"

"లేదమ్మా. విమానంలో పట్టనిచ్చేవాళ్ళు కాదు."

వీరాస్వామి వచ్చాడు. తలకి రంగేసుకుని, బుగ్గలకి గులాబీ రంగు పూసుకుని, యాభై దాటిన శేషగిరి వచ్చాడు. ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని పాండురంగారావు గబుక్కున తిరిగి చూశాడు. నవ్వుతోంది.

"ఇంత పాట వచ్చా మావాడికి?"

"లేదమ్మా."

"నాకు తెలుసులే. వాళ్ళ నాన్నా అంతే. చిన్నప్పుడు బళ్ళో ప్రార్థనకి నిలబెడితే మేష్టారే ఇంటికి పంపించేశాడు."

యుద్ధం వచ్చింది. శత్రువుగా ఇద్దరు హమాలీలు నల్లగుడ్డలు కట్టుకుని తడికల చుట్టూ పరిగెత్తారు. డబ్బాలో టపాసులు పేలాయి. వీరాస్వామి గుండె పట్టుకుని, రెండో విమానం లేదు గనక ఆ ఒక్క విమానంలోంచే దిగి, తూలుకుంటూ కళ్ళం మధ్యకి వచ్చి పడ్డాడు. ఒక మోచేతి మీద లేచాడు. లాజరు హార్మోనియం మెట్ల మీద వేళ్ళు ఆనించాడు.

పద్యం తల్లికి చెప్పేది. నీ చేతి ముద్ద తినకుండా పోతున్నాను, నా కోసం గుమ్మంలో నిలబడొద్దు అని దాని అర్థం. చివరికి ఒక్క మాటే మిగిలింది, అమ్మా అన్న మాట. వీరాస్వామి దాన్ని పట్టుకుని మెల్లగా పైకి తీసుకుపోయాడు. బోరింగు దగ్గర నీళ్ళు కొడుతున్న ఆడమనిషి కొట్టడం ఆపేసింది. అక్కడ, ఆ పై స్థాయిలో, గొంతు సన్నగా ఒక్క క్షణం వణికి తెగింది. తల వాలిపోయింది.

పాండురంగారావు పక్కకి చూడలేకపోయాడు. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి ఉండటం మాత్రం కంటి కొసన కనబడుతోంది.

వెనక నుంచి ఒక హమాలీ, ఎవరు ఎంత చెప్పినా మరచిపోయి, "వన్స్ మోర్" అన్నాడు.

ఒకడు అంటే ఇంకొకడు ఆగుతాడా? నలుగురు అన్నారు. ఆడవాళ్ళు కూడా అన్నారు. వీరాస్వామి కదల్లేదు. కాలి బొటనవేలు మాత్రం కదిలింది. ఒక కన్ను సగం తెరిచి కమాండరు వైపు చూశాడు. పాండురంగారావు మోకాలి మీదున్న చెయ్యి అడ్డంగా ఊపాడు. కన్ను మూసుకుంది. లాజరు శ్రుతి వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. కేకలు పెద్దవయ్యాయి. దశరథరామయ్య రిక్షా చట్రం మీద నిలబడి చేతులు ఊపుతూ ఆపమంటుంటే, వాళ్ళు అదీ నాటకమే అనుకుని ఇంకా అరిచారు.

"అడుగుతుంటే లెగడేం?" అంది మాణిక్యమ్మగారు.

"నేనే వద్దన్నానమ్మా."

"ఎందుకని?"

"మీరు చూడలేరని."

ఆవిడ ఆయన మొహం వంక చూస్తూ ఉండిపోయింది. పెరిగిన కొడుకు జొరం దాచిపెడితే చూసినట్టు చూసింది.

"ఏటా వస్తావు, తింటావు, పోతావు. నేను అడిగితే నువ్వెక్కడ కన్నీళ్ళు పెట్టుకుంటావో అని నేను అడగలా. నువ్వేమో నేనెక్కడ ఏడుస్తానో అని చెప్పలా. బాగానే ఉంది మన తెలివి" అని, కళ్ళం వైపు తిరిగి గొంతు పెంచింది. "లెగవయ్యా. వాళ్ళు అడుగుతున్నారుగా. మళ్ళీ పాడు."

వీరాస్వామి ఈసారి కన్ను తెరిచి కమాండరు వైపు చూడలేదు. లేచాడు, ఖాకీలకంటిన ఊక దులుపుకున్నాడు, మోచేతి మీద ఒరిగి మొదట్నుంచీ ఎత్తుకున్నాడు. అంతా పాడి మళ్ళీ చచ్చాడు. జనం చప్పట్లు కొట్టి శాంతించారు.

"ఇంకోసారి" అంది ఆవిడ.

వీరాస్వామి లేచి ఆవిడ వైపు ఒక్కసారి చూసి, రాగాలు ఏమీ తియ్యకుండా, పక్కనున్న మనిషికి చెప్పినట్టు పాడాడు. అమ్మా అన్న మాటని పైకి తీసుకుపోలేదు, అక్కడే కింద పెట్టేశాడు. లాజరు వేళ్ళు కూడా మధ్యలో ఎక్కడో ఆగిపోయాయి.

ఆవిడ లేచి నడిచి వెళ్ళి ఆ పడి ఉన్న మనిషి దగ్గర నిలబడింది. పాండురంగారావు వెనకే వెళ్ళాడు.

"ఇట్టాగే పడ్డాడా?"

"ఇట్టా కాదమ్మా. నేను చూసింది పొగ ఒక్కటే. చాలా దూరంగా."

"పద్యం ఏం పాడలా."

"లేదమ్మా. రేడియోలో ఏమీ పలకలా. ఒక్క క్షణంలో అయిపోయింది."

"అమ్మా అని కూడా అనలా."

అబద్ధం చెప్పడం ఎంత సులువో ఆయనకి తెలుసు. వీరాస్వామి ఊపిరి బిగబట్టి పడుకున్నాడు.

"నాకు వినపడలేదమ్మా."

మాణిక్యమ్మగారు తలూపింది. పాండురంగారావుకి కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. ఆవిడ చూసి కూడా తుడుచుకోమని అనలేదు. దశరథరామయ్య వైపు తిరిగి అంది: "తెనాలిలో వెయ్యండి నాయనా. ఆ పద్యం తియ్యొద్దు. నాటకంలో అన్నా వాణ్ణి అమ్మా అననీండి. ఎవరన్నా మళ్ళీ పాడమంటే పాడించండి." ఆ తర్వాత కిందికి చూసింది. వీరాస్వామి మొహం మీద రంగు చెమటకి కరిగి చెవుల్లోకి దిగుతోంది. ఆవిడ ఒక అడుగు పక్కకి వేసింది. ఆవిడ నీడ ఆయన మొహం మీద పడింది.

"లే బాబూ. ఎండ ఎక్కింది. అన్నం తిందువుగాని."

పాండురంగారావు ఇంటి వరండాలో అరటాకులు వేశారు. మాణిక్యమ్మగారిని లోపల బల్ల దగ్గర కూర్చోమంటే వినలేదు. నేల మీదే కూర్చుని, ఒక పక్క పాండురంగారావుని, ఇంకో పక్క వీరాస్వామిని కూర్చోమంది. వీరాస్వామి మొహం కడుక్కోబోతే తర్వాత కడుక్కోవచ్చులే అంది. ఆయన పెట్టుడు మీసం ఊడదీసి ఆకు పక్కన పెట్టుకున్నాడు. దశరథరామయ్య, లాజరు అటువైపు కూర్చున్నారు.

ముద్దపప్పు, గోంగూర, వంకాయ కూర, గడ్డ పెరుగు. శేషారత్నం అందరికీ వడ్డించి, తనూ ఒక ఆకు తెచ్చుకుని వరస చివర కూర్చుంది. మిల్లు ఆపి ఉంది గనక ఊరు నిశ్శబ్దంగా ఉంది. మాణిక్యమ్మగారు గోంగూర కలిపి, ముందు ఒక ముద్ద పాండురంగారావు ఆకులో, ఇంకొక ముద్ద వీరాస్వామి ఆకులో పెట్టి, అప్పుడు తను తినడం మొదలుపెట్టింది. వాళ్ళిద్దరూ తల వంచుకుని తిన్నారు.